చివరి బంటును కొట్టరాదు

నేను హైదరాబాదు వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర నుంచీ చార్మినారు ఎక్కారా అని ఊరంతా అడుగుతోంది. ఎక్కలేదు. దాని కింద నుంచి మాత్రం పది పన్నెండుసార్లు నడిచాను. అక్కడ ఉన్న నాలుగు రోజుల్లో నాకు ఎక్కువ భాగం ఒక హకీం గారి వసారాలో, జంపఖానా మీద, నోరు మూసుకుని కూర్చోవడంతోనే సరిపోయింది. నోరు మూసుకున్నంతసేపూ అంతా బాగానే జరిగింది. తెరిచింది ఒక్కసారి. ఆ ఒక్కసారి ఏం జరిగిందో మా మేనకోడలు ఎలాగూ ఊరంతా చెబుతోంది కనుక, నేనే రాసేస్తే రెండు మంచి మాటలైనా నా తరఫున పడతాయని ఇది రాస్తున్నాను.

మేనకోడలి పేరు సుభద్ర. మా అక్కయ్య కూతురు, పదమూడేళ్ళు. తెనాలిలో మా వీధిలో చదరంగం ఆడే మగపిల్లలు ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందినీ ఓడించింది. ఆ ఆటలన్నీ వాళ్ళింటి వీధి అరుగు మీదే జరిగేవి. మా బావ ప్లీడరు గుమాస్తా. ఆడపిల్ల ఎదుగుతోంది, ఇంకా అరుగు మీద మగపిల్లల మధ్య కూర్చుని ఈ ఆటేమిటని ఆయనకు కొన్నాళ్ళుగా గుర్రుగా ఉంది. ఇంతలో హైదరాబాదు పాతబస్తీలో ఒక హకీం గారు ఏటా పదిహేనేళ్ళ లోపు పిల్లలకు చదరంగం పోటీ పెడతారనీ, ఏ ఊరివాళ్ళైనా రావచ్చనీ మా ఊరి నెయ్యి వర్తకుడు చెప్పాడు. సుభద్ర పంపమని రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకు బావ దిగివచ్చాడు, కాని గుమాస్తా గుమాస్తాలాగే దిగివచ్చాడు.

“కప్పు తెచ్చావా, అరుగు మీద నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఆడుకో. నేను పల్లెత్తు మాట అనను. తేలేదా, పావులు అటకెక్కుతాయి. మళ్ళీ నువ్వు అరుగు మీద కనబడకూడదు. ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకున్నా,” అంది సుభద్ర, రెప్ప కూడా వెయ్యకుండా.

వెంట వెళ్ళే పని నా నెత్తిన పడింది. నేను బడిపంతుల్ని. దసరా సెలవులు, చేతిలో పనేమీ లేదు, పైగా సుభద్రకు గుర్రం నడక నేర్పింది నేనే.

సరిహద్దులో ఆవకాయ

బెజవాడలో నిజాం వారి రైలెక్కాం. సరిహద్దు దాటాక కరోడ్‌గిరి వాళ్ళు, అంటే సుంకం వాళ్ళు, పెట్టెలు చూడడానికి ఎక్కుతారు. మా పెట్టె తెరిచిన జవాను మీసాలు చూస్తే భయం వేసింది కాని మనిషి మెత్తనివాడు. బట్టలు పక్కకు నెట్టి ఒక గుడ్డసంచి పైకి తీశాడు. లోపల పావులు గలగలమన్నాయి.

“ఏంది సారూ ఇది?”

“చదరంగం పావులు. మా అమ్మాయి పోటీకి వెళ్తోంది.”

అతను సుభద్రను ఎగాదిగా చూశాడు. “పట్నంల ఆడనీకి పోతున్నవా బిడ్డా? ఆడ పోరగాండ్లు మస్తు తేజుంటరు. జర పైలం.”

“వాళ్ళనే జాగ్రత్తగా ఉండమనండి,” అంది సుభద్ర.

జవాను పకపకా నవ్వి, సంచిని మర్యాదగా పెట్టెలో పెట్టేశాడు. తరువాత అతని చూపు ఆవకాయ జాడీ మీద పడింది. దానికి సుంకం ఏమీ లేదట, కాని రుచి చూడకుండా ఎలా తెలుస్తుందన్నాడు. ఆకులో రెండు ముక్కలు వేసిచ్చాను. మిగతా పెట్టెలు చూడకుండానే తరువాతి డబ్బాలోకి వెళ్ళిపోయాడు. మా ఎదురు బెంచీమీద పట్టుచీరల మూటతో బిగుసుకుపోయి కూర్చున్న పెద్దాయన అప్పుడు గాలి పీల్చుకుని, నాకు రెండు అరటిపళ్ళు ఇచ్చాడు.

నయాపూలు దాటి

నాంపల్లిలో దిగాక నాకు వచ్చిన హిందీ అంతా కూడదీసుకుని టాంగావాడితో బేరం మొదలుపెట్టాను. హిందీ పరీక్ష ప్యాసైనవాణ్ణి, సర్టిఫికెట్టు ఉంది. అతను నా వైపు కాసేపు, గుర్రం వైపు కాసేపు చూసి, “తెలుగుల చెప్పు సారూ, నాకు సమజైతది,” అన్నాడు. సుభద్ర నవ్వు ఆపుకోలేక టాంగా వెనక్కి వెళ్ళి నిలబడింది.

అఫ్జల్‌గంజ్‌లో బళ్ళు, ఒంటెలు, మోటార్లు అన్నీ ఒకే దారిలో పోతున్నాయి. ధాన్యం బస్తాల మీద కూర్చున్న వర్తకులు రోడ్డుకు ఇటు నుంచి అటు కేకలేసుకుంటూనే వ్యాపారం చేస్తున్నారు. నయాపూలు మీదకు రాగానే కింద మూసీ కనిపించింది. మన కృష్ణను చూసిన కళ్ళకు అది నదిలా ఆనలేదు, రాళ్ళ మీద చాకళ్ళు మాత్రం మన వాళ్ళలాగే బట్టలు బాదుతున్నారు. అక్కడ ఒక ఇరానీ దుకాణం ముందు టాంగావాడు బండి ఆపి, “పౌనా తాగుతరా?” అని అడిగాడు. పౌనా అంటే ముప్పావు కప్పు చాయట. నిండు కప్పు ఎందుకు అడగరంటే, ముప్పావుకైతే అర్ధణా, కబుర్లకు మాత్రం రెంటికీ ఒకటే సమయం అన్నాడు. మన ఊళ్ళో కాఫీ గుటుక్కున తాగి గ్లాసు బోర్లించి పోతాం. ఇక్కడ చాయ్ చల్లారినా మనిషి లేవడు.

బహదూర్‌పురాలో బర్రెల పక్కన

నెయ్యి వర్తకుడి చీటీ పట్టుకుని బహదూర్‌పురాలో పెంటయ్య ఇంటికి వెళ్ళాం. పాల వ్యాపారం. వాకిట్లో పదకొండు గేదెలు. వాళ్ళు బర్రెలంటారు. వాటి పాక పక్కనే మాకు గది ఇచ్చారు. మొదట ముక్కు మూసుకున్నాను. మరునాటికి ఆ వాసనే ఇంటివాసనలా అనిపించింది.

పెంటయ్య భార్య లక్ష్మమ్మ జొన్నరొట్టెలు పెట్టి, గిన్నెతో పులుసు పోసింది. వేలు ముంచి చూస్తే చల్లగా ఉంది. కాచడం మరిచిపోయిందేమోనని నేను నసుగుతున్నాను. “పచ్చిపులుసు సారూ, కాయరు,” అంది ఆమె. చింతపండు, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ. ఇంటికి వచ్చాక మా ఆవిడతో అలా చెయ్యమంటే, పొయ్యి ఎక్కని పులుసేమిటని నన్నే ఒకలాగ చూసింది. నేను మాత్రం అక్కడ మూడుసార్లు వేయించుకున్నాను.

మేము వచ్చిన పని చెప్పగానే పెంటయ్య తొడ చరిచాడు. “పోటీకా! మా పోరడు గూడ ఆడతడు సారూ. పోయినేడు కప్పు వానిదే. అరే మల్లేశ్, ఇటు రా!”

పాలక్యాను కడుగుతున్న పద్నాలుగేళ్ళ పిల్లవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సుభద్రను చూసి తలొంచుకున్నాడు.

“కప్పు చూడొచ్చా?” అని అడిగింది సుభద్ర.

మల్లేశ్ తల్లి వైపు చూశాడు. లక్ష్మమ్మ కొట్టంలోకి వెళ్ళి తెచ్చింది. వెండిపూత కప్పు, రెండు చెవులు, నిండా తవుడు. దాణా కొలవడానికి సరిగ్గా సరిపోయిందట. ఈ పిల్ల ఈ కప్పు కోసమే కదా రెండు పూటలు అన్నం మానేసిందని నాకు నవ్వొచ్చింది. సుభద్రకు రాలేదు. తవుడు దులిపి, మీద చెక్కిన ఉర్దూ అక్షరాలను వేలితో తడిమి, జాగ్రత్తగా తిరిగిచ్చింది.

లొల్లి మధ్య ఆట

హకీం గారి ఇల్లు శాలిబండలో. మూడు కమాన్ల వసారా, ఒక పక్క మందుల సీసాలు, మరోపక్క జంపఖానాల మీద నాలుగు బల్లలు. హకీం గారికి డెబ్బై దాటి ఉంటాయి, తెల్లటి గడ్డం, చేతిలో విసనకర్ర. పేర్లు రాసుకునేటప్పుడు ఎవరో ఆడపిల్ల ఆడొచ్చా అని గొణిగారు.

“పదిహేనేండ్లు దాటినయా? దాటలే. ఇంకేంది?” అని ఆయన తరువాతి పేరు పిలిచారు.

మా ఊళ్ళో చదరంగం దగ్గర దగ్గినా లేపేస్తారు. నేనైతే మరీ పట్టుదల మనిషిని. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని “నిశ్శబ్దం” అని గదమాయించడమే నా ఉద్యోగం. సుభద్ర ఆడేటప్పుడు ఆ రోజు వరకూ నేను నోరు తెరవలేదు. ఇక్కడ ఆట మొదలయ్యేసరికి వసారాలో ముప్పై మంది చేరారు. పాలవాళ్ళు, గాజులవాళ్ళు, మందుకోసం వచ్చిన రోగులు. ఒక్కడూ నోరు ముయ్యడు. “ఘోడా తియ్యి!” “అరె, ఏనుగు పాయె!” “బేటా, నిద్రపోతున్నవా?” ఇద్దరు ఆడుతుంటే ముప్పై మంది ఎత్తులు చెబుతున్నారు. ఆడేవాళ్ళు తల కూడా ఎత్తరు.

నేను తట్టుకోలేక హకీం గారి దగ్గరికి వెళ్ళాను. “అయ్యా, ఈ గోలలో పిల్లలు ఎలా ఆలోచిస్తారు? కాస్త ఊరుకోమనండి.”

ఆయన విసనకర్ర ఆపారు. “ఇది ఆట మాస్టర్ సాబ్, జనాజా గాదు, పీనుగెంట సప్పుడు జేయక నడవనీకి. మాట్లాడనియ్యండి. ఆడెటోనికి ఆట వస్తే వీళ్ళ మాటలు ఏం జేస్తయ్?”

సుభద్రకు మొదటి గంట చెవులు ఎర్రబడ్డాయి. తరువాత అలవాటైపోయింది. గేదెల పక్కన నిద్రపోయిన పిల్లకు ఇదెంత.

అందరినీ ఊడ్చేస్తే ఏమవుతుంది

మొదటి ఆట అఫ్జల్‌గంజ్ బట్టల వర్తకుడి కొడుకుతో. సుభద్ర వాణ్ణి మా ఊరి పద్ధతిలో ఆడించింది. మా వీధిలో గొప్ప ఆటంటే ఎదుటివాడి బలగాన్నంతా ఊడ్చెయ్యాలి. చిట్టచివరి బంటును కూడా కొట్టి, రాజును ఒంటరిగా నిలబెట్టి, అప్పుడు తాపీగా ఆట కట్టాలి. ముందే కట్టేస్తే భయపడ్డావంటారు. సుభద్ర అలాగే ఒక్కొక్కటే తీసేసి, చివరి బంటును కొట్టి, గర్వంగా నా వైపు చూసింది. నేనూ మీసం మీద చెయ్యి వేశాను.

“బుర్ద్!” అని వసారా అంతా అరిచింది.

బట్టల వర్తకుడి కొడుకు లేచి గంతులేశాడు. మాకేమీ అర్థం కాలేదు. హకీం గారు వచ్చి చెప్పారు. ఇక్కడి ఖాయిదా ప్రకారం రాజు ఒంటరిగా మిగిలితే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ గెలిచినట్టు కాదు, చెరి సగం. దాన్నే బుర్ద్ అంటారు. గెలవాలంటే ఎదుటి రాజు పక్కన ఒక్క పావైనా ప్రాణంతో ఉండగానే కట్టాలి.

“ఇదెక్కడి విడ్డూరం?” అన్నాను. సుభద్ర కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. అదృష్టం కొద్దీ మొదటి ఆటల్లో బుర్ద్ అయితే మళ్ళీ ఆడాలట. మధ్యాహ్నం మళ్ళీ ఆడి, ఏ గొప్పా చూపకుండా ఇరవై ఎత్తుల్లో కట్టేసింది.

సాయంత్రం బహదూర్‌పురాకు నడిచి వెళ్తుంటే మల్లేశ్ మా వెంట వచ్చాడు. అప్పటిదాకా సుభద్రతో ఒక్క మాట మాట్లాడని పిల్లవాడు, దారి పొడుగునా పాఠం చెప్పాడు.

“ఓడిపోయెటోడు ఏం జేస్తడో ఎర్కేనా? తన పావులన్ని తనే నీ నోట్లె పెడ్తడు. కొట్టు, కొట్టు అంటడు. నువ్వు కొట్టినవా, బుర్ద్. అందుకే చివర్ల ఒక్కదాన్ని కాపాడుకోవాలె. వానిది నువ్వే కాపాడాలె.”

“శత్రువు బంటును నేను కాపాడాలా?”

“అవ్. ఇంకోటి. ఆఖరి ఆటల బుర్ద్ అయితే మళ్ళ ఆడేది లేదు. కప్పు పోయినేటోని తాననే ఉంటది.”

“అంటే నీ దగ్గర.”

“నా తాన.”

“మరి ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు?”

“తెల్వనోళ్ళ మీద గెలిస్తె ఏం మజా ఉంటది?”

ఆ పిల్లవాడు నాకు అప్పుడే నచ్చాడు. ఆ మాట పైకి అంటే మా పిల్ల అలుగుతుందని ఊరుకున్నాను.

గాజుల దుకాణంలో అరగంట

రెండో రోజు రెండు ఆటలు, మూడో రోజు ఒకటి గెలిచింది. మూడో రోజు తీరిక దొరికితే అక్కయ్యకు గాజులు కొందామని లాడ్‌బజారుకు తీసుకెళ్ళాను. దుకాణదారు డజను లక్కగాజులకు రూపాయి చెప్పాడు. హాలీ రూపాయి లెండి, మన రూపాయికి కాస్త తక్కువే. నేను అర్ధరూపాయి అన్నాను. అతను దుకాణం మూసుకుంటానన్నట్టు మొహం పెట్టి, ఇంతలో సుభద్రను గుర్తుపట్టాడు.

“షత్రంజ్ ఆడే పిల్లవు గదా? రేపు మల్లేశ్‌తోని?” అని గాజులు పక్కకు తోసి, పీటమీద సుద్దముక్కతో గడులు గీశాడు. గింజలు, గాజుపూసలు పావులుగా పెట్టి, “ఇట్ల వస్తే ఏం జేస్తవ్ చెప్పు,” అన్నాడు. నేను వీధిలో నిలబడి అరగంట ఎండకు మాడాను. చివరికి గాజులు ముప్పావు రూపాయికి ఇచ్చాడు, సుభద్రకు ఒక జత ఊరికే. మరునాడు ఆట చూడడానికి దుకాణం కట్టేసి మరీ వచ్చాడు.

కప్పు రోజు

నాలుగో రోజు పొద్దున్నే లక్ష్మమ్మ ఇద్దరు పిల్లల అరచేతుల్లోనూ గడ్డపెరుగు, చక్కెర పెట్టింది. “ఎవరు గెలిచినా నాకు కప్పు ఇంట్లనే ఉండాలె, దాణాకు తక్లీఫ్ అయితది,” అని నవ్వింది. పెంటయ్య పాలు పోసే ఇళ్ళకు ఆలస్యమైనా పట్టించుకోకుండా మా వెంట బయలుదేరాడు.

వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. కమాన్ల మీద కూడా పిల్లలు ఎక్కి కూర్చున్నారు. నేను సుభద్ర వెనుక, మూరెడు దూరంలో, ఎప్పటిలాగే నోటికి తాళం వేసుకుని కూర్చున్నాను.

మొదటి గంట ఇద్దరూ సమానం. తరువాత మల్లేశ్ ఒక ఏనుగు పోగొట్టుకున్నాడు. ఆ వెనుకే మంత్రి. అక్కడి నుంచి ఆట తలకిందులైంది. మల్లేశ్ తన పావుల్ని తనే సుభద్ర ముందుకు తోయడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని తెచ్చి ఆమె ఏనుగు ఎదుట నిలబెట్టాడు. “తీస్కో! తీస్కో!” అని మల్లేశ్ వైపు వాళ్ళంతా అరిచారు. పెంటయ్య గొంతు అందరికంటే పైన. తప్పనిసరై సుభద్ర ఆ గుర్రాన్ని కొట్టింది కాని, తరువాత ఇచ్చిన బంట్లను ముట్టుకోలేదు. వాడు ఇస్తాడు, ఈమె వద్దంటుంది. వాడు ముందుకు తోస్తాడు, ఈమె పక్కకు తప్పుకుంటుంది. మన వైపు పెళ్ళిళ్ళలో వడ్డించేవాడికి, తిననని చెయ్యి అడ్డం పెట్టేవాడికి జరిగే తగువు చూశారు కదా, అచ్చం అదే. జనం పగలబడి నవ్వుతున్నారు. గాజులవాడైతే కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి మిగిలినవి ఇవి. సుభద్రకు రాజు, ఏనుగు. మల్లేశ్‌కు మూలకు నెట్టిన రాజు, ఒకే ఒక్క బంటు. ఆ బంటు పరుగెత్తుకుంటూ వచ్చి చివరి వరుసకు ఒక్క అడుగు దూరంలో నిలబడింది. అక్కడ దిగితే అది గుర్రమైపోతుంది, ఎందుకంటే మన ఆటలో బంటు ఏ పావు గడిలో దిగితే ఆ పావే అవుతుంది, ఇది దిగేది గుర్రం గడి. సుభద్ర ఏనుగు సరిగ్గా దాని పక్కనే ఉంది. చెయ్యి చాపితే కొట్టవచ్చు. వంతు సుభద్రది.

కొడితే బుర్ద్. కొట్టకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. ముందు రోజు ఆమెకు నేనే పదిసార్లు చెప్పాను.

సుభద్ర చెంపకు చెయ్యి ఆనించుకుని ఆలోచిస్తోంది. ముప్పై మంది ముప్పై రకాలుగా అరుస్తున్నారు. ఆమె ఒక్కరి మాటా వినడం లేదు. నాకు ఆ బంటు తప్ప మరేమీ కనిపించడం లేదు. దిగబోతోంది, దిగిపోతోంది, గుర్రమైపోతోంది. గుర్రం వస్తే ఏమవుతుందో, కప్పు పోతే ఏమవుతుందో, బావ అటక కింద నిచ్చెన వేసుకుని నిలబడినట్టే అనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆడిన ఆట నా చేతుల్లో దురదగా పుట్టి నోట్లోంచి బయటపడింది.

“కొట్టెయ్యవే!”

ఆ గోలలో నా మాట ఎవరికీ వినిపించి ఉండదు. సుభద్రకు వినిపించింది. ఆమె ఉలిక్కిపడింది. ఏనుగును పట్టుకుంది, బంటును తీసేసింది.

ఏం చేసిందో పావు కింద పెట్టాక తెలిసింది. నాకు కూడా అప్పుడే.

నాలుగు రోజుల్లో మొట్టమొదటిసారి ఆ వసారాలో నిశ్శబ్దం ఆవరించింది. ఎవరూ “బుర్ద్” అని కూడా అరవలేదు. హకీం గారే మెల్లిగా అన్నారు.

నా విన్నపం

సుభద్ర ఏడవలేదు. పావుల వైపు చూస్తూ కూర్చుంది. నాకు అక్కడ ఉన్న మూడు కమాన్లలో దేనికింద దాక్కోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వెళ్ళి హకీం గారి ముందు చేతులు కట్టుకున్నాను.

“అయ్యా, తప్పు పిల్లది కాదు. నాది. నేను అరిచాను. ఆట దగ్గర అరవకూడదు కదా. మళ్ళీ ఆడించండి.”

ఆయన నన్ను జాలిగానే చూశారు. “ఈడ అందరు అర్సినరు మాస్టర్ సాబ్. మిమ్మల్ని ఒక్కరినే ఎట్ల పట్టుకోను?”

ఖాయిదా ఖాయిదానే అన్నారు. కప్పు మల్లేశ్ చేతికి ఇచ్చారు. ఆ పిల్లవాడు దాన్ని తండ్రికి అందించి, తిరిగి వచ్చి సుభద్ర ఎదుట కూర్చున్నాడు. తీసేసిన బంటును మళ్ళీ దాని గడిలో పెట్టాడు.

“కొట్టకపోతివి అనుకో. ఏం జేస్తుంటివి?”

సుభద్ర తన రాజును ఒక్క గడి ముందుకు జరిపింది. మల్లేశ్ బంటును దింపి గుర్రం చేశాడు. ఆమె ఏనుగును నిలువునా పై వరుసకు తోసింది. మూలన ఉన్న రాజుకు కదలడానికి చోటు లేదు. కొత్త గుర్రం ఆ చివర, ఎందుకూ పనికిరాకుండా నిలబడి ఉంది. ఆట కట్టు.

మల్లేశ్ మళ్ళీ పెట్టాడు. ఈసారి బంటును వదిలేసి రాజునే పక్కకు జరిపాడు. ఏనుగు అదే వరుసకు వచ్చింది. అదే కట్టు.

“ముందే చూసినవా?”

“మూడు ఎత్తుల ముందే. గుర్రం రానీ అనుకున్నా.”

“అరె బాప్ రే,” అని మల్లేశ్ తల పట్టుకున్నాడు. “సారు నన్ను మస్తు బచాయించిండు!”

వసారా అంతా గొల్లుమంది. సుభద్ర కూడా నవ్వింది. నేను ఒక్కణ్ణే నవ్వలేకపోయాను.

తిరుగు రైలు

లక్ష్మమ్మ సర్వపిండి మూట కట్టి ఇచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున వత్తి కాల్చే రొట్టె అది. నాలుగు రోజులున్నా పాడవదట. రైల్లో సుభద్ర కాజీపేట దాకా నాతో మాట్లాడలేదు. వరంగల్లు కూడా దాటింది. డోర్నకల్లులో మూట విప్పి ఒక ముక్క నాకు అందించింది.

“మావయ్యా, ఒకటి అడగనా? అంతమంది చెప్పినా నేను వినలేదు. నువ్వు చెబితే ఎందుకు కొట్టేశానో తెలుసా?”

“ఎందుకే?”

“నువ్వు ఆట దగ్గర ఎప్పుడూ మాట్లాడవు కదా. మాట్లాడావంటే నాకు కనబడనిదేదో నీకు కనబడిందనుకున్నా.”

తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

“మీ నాన్నతో నేనే చెబుతా. తప్పంతా నాదేనని చెబుతా,” అన్నాను.

“చెప్పు. కాని ఆయన కప్పు అన్నాడు, తప్పు ఎవరిదని అడగలేదు,” అని కిటికీ వైపు తిరిగింది. ఆ మాట నిజమే. బావ రాతకోతలు నాకు తెలుసు.

బావ తీర్పు

తెనాలిలో దిగేసరికి పొద్దున ఎనిమిది గంటలు. బావ కోటు తొడుక్కుని, కండువా వేసుకుని, కోర్టుకు బయలుదేరబోతూ అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే చెయ్యి చాపాడు.

“కప్పేదీ?”

“లేదు నాన్నా,” అంది సుభద్ర.

“ఓడిపోయావా?”

“ఓడిపోలేదు.”

“మరి గెలిచావా?”

“గెలవలేదు.”

బావ నా వైపు తిరిగాడు. రైల్లో కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఖాయిదా, బుర్ద్, చివరి బంటు, నా అరుపు. తప్పు నాదేనని చెప్పినచోట ఆయన చెయ్యి విదిలించేశాడు. ఆయన ఎప్పుడో వేరేచోట ఆగిపోయాడు.

“ఆగు. ఏమన్నావు? సర్వం పోగొట్టుకున్నవాడికి సగమా? ఒక్క బంటు మిగిలినవాడు ఓడిపోతాడు, ఏమీ మిగలనివాడికి మాత్రం సగమా? ఏ న్యాయం ఇది? ఏదీ, ఎలా ఉంది చూపించు.”

సుభద్ర నా మొహం చూసింది. నేను కదల్లేదు. బావే వంగి పెట్టె తెరిచి, సంచి తీసి, అరుగు మీద పావులు గుమ్మరించాడు. ఆయనకు ఎత్తులు వచ్చునని తెలుసు కాని ఆడగా నేను ఏనాడూ చూడలేదు. సుభద్ర పెట్టి చూపించింది. రాజు ఇక్కడ, ఏనుగు ఇక్కడ, ఆ మూల మల్లేశ్ రాజు, ఇదీ బంటు.

“నేను ఆ పాలవాళ్ళబ్బాయిని. నువ్వు బంటును కొట్టకు,” అని బావ కోటుతోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆమె రాజును జరిపింది. ఆయన బంటును దింపాడు. “గుర్రమైంది. ఇప్పుడు ఈ గుర్రాన్ని ఇలా తిప్పి...”

“నీ వంతు కాదు నాన్నా, నాది.” ఏనుగు పై వరుసకు వెళ్ళింది. కట్టు.

“మళ్ళీ పెట్టు.”

మళ్ళీ కట్టు. మూడోసారి కూడా. ఎదురింటి సుబ్బారావు, పక్కింటి అన్నదమ్ములు, సుభద్ర ఓడించిన మిగతా పిల్లలు అందరూ అరుగు చుట్టూ చేరారు. బావ ఎవరినీ చూడలేదు. “ఇక్కడి నుంచి కాదు. అంతకు ముందు నుంచి పెట్టు. వాడు గుర్రం ఇచ్చాడన్నావే, అక్కడి నుంచి. వాడు ఎక్కడ పొరపాటు చేశాడో తేలాలి,” అన్నాడు. అక్కయ్య గడపలోంచి తొంగిచూసి, పెట్టె లోపలికి తీసుకెళ్ళింది.

తొమ్మిదిన్నరకు ప్లీడరు గారి బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. “అయ్యగారు పిలుస్తున్నారండి, కాగితాలు మీ దగ్గరే ఉన్నాయట.”

“వస్తున్నా పద,” అన్నాడు బావ, చూపు బల్ల మీద నుంచి తిప్పకుండా. ఒక ఎత్తు వేశాడు. సుభద్ర బదులు వేసింది. ఆయన పెదవి కొరుక్కుని లేచాడు, కండువా సర్దుకున్నాడు, నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“అమ్మాయ్, సాయంత్రం నేను వచ్చేదాకా ఒక్క పావు కదలకూడదు. ఈ వెధవలు చెయ్యి పెడతారు. నువ్వు అక్కడే కూర్చుని చూస్తూ ఉండు.”

“ఎక్కడ నాన్నా? అరుగు మీదా?”

“మరెక్కడ? లోపలికి తీసుకెళ్తే పావులు చెదిరిపోవూ?” అని కసిరి, బావ కోర్టుకు వెళ్ళిపోయాడు.